ఆ చీర రంగేమిటో చెప్పుకోండి!

నలుపు తెలుపు సినీమాలో హీరోయిన్ కట్టుకున్న చీర రంగేమిటో మీలో ఎవరైనా చెప్పగలరా? మా అమ్మ చెప్పేది! ఉదయం ఆటకు పాత సినీమా "మిస్సమ్మ" వేస్తే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. సావిత్రి తెరమీదికి వచ్చీ రాగానే "అది లేత నీలం. అంచు మాత్రం ముదురు" అని నా చెవిలో గుసగుసలాడేది. "నీకెలా తెలుసమ్మా?" అంటే, "నీడను బట్టి రంగు తెలియదుటే, పిచ్చిదానా!" అని నవ్వేది.

ఆవిడ చెప్పింది నిజమో కాదో తేల్చేదెవరు? నలుపు తెలుపు ఫిలిము మీద ఎరుపూ, ఆకుపచ్చా ఒక్కోసారి ఒకే బూడిద ఛాయలో పడతాయి. 1963లో "లవకుశ" పూర్తి నిడివి రంగుల చిత్రంగా వచ్చేదాకా, ఆ తరవాత కూడా చాలా ఏళ్ళపాటు, మన ప్రేక్షకులు తారల చీరలకు రంగులు మనసులోనే అద్దుకున్నారు. మా అమ్మ అందరికంటే కాస్త ఎక్కువ అద్దింది. ఎందుకో తరవాత చెబుతాను.

ఈ సంగతంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు సెల్‌ఫోను పట్టుకొచ్చి "అమ్మమ్మా, ఇది ఆటమ్ లుక్! నాకు బావుంటుందా?" అని అడిగింది. చూద్దును కదా, ఎవరో దొరసాని. మోకాళ్ళదాకా బూట్లు, గోధుమరంగు కోటు, మెడకు ఇటికరంగు మఫ్లరు. వెనకాల చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. పిల్ల బాగానే ఉంది, బట్టలూ బాగానే ఉన్నాయి. కాని అవి వేసుకుని మన ఊళ్ళో ఆశ్వయుజ మాసం మిట్టమధ్యాహ్నం బస్సెక్కితే ఏమవుతుందో ఆలోచించండి!

వాళ్ళ ఆటమ్‌లో ఆకులు రాలతాయి. మనకు ఆకులు రాలేది శిశిరంలో. మన శరత్తు అంటే వెన్నెల, రెల్లుపూలు, పచ్చటి వరిచేలు, బంతిపూలు. తెలంగాణలో అయితే బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు. మరి మన శరత్కాలపు రంగులు గోధుమా, ఇటికా ఎలా అవుతాయి? పసుపు, తెలుపు, చిలకపచ్చ, మధ్యమధ్య ముదురు వక్కరంగు... ఇవీ మనవి. ఇంకో చిక్కు కూడా ఉంది. తెల్లవారుఝామున మంచు, పదింటికి మాడ్చే ఎండ, సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన, రాత్రికి చిరుచలి. నాలుగు కాలాలూ ఒక్కరోజులో! వీటన్నిటికీ సరిపడేలా ముస్తాబు కావాలంటే డబ్బుతో కుదిరే పని కాదు, తెలివి కావాలి. ఆ తెలివి నాకు మా అమ్మ దగ్గర వచ్చింది. సులువుగా మాత్రం రాలేదు.

ప్రేమనగర్ వచ్చిన దసరా

1968లో మా నాన్న పోయేనాటికి అమ్మకు ముప్ఫై నాలుగేళ్ళు, నాకు పదేళ్ళు. విజయవాడలో రెండుగదుల అద్దె ఇల్లు. వీధివైపు గదిలో అమ్మ కుట్టుమిషను పెట్టుకుంది. ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. ఆ ఏడాది నుంచీ అమ్మ రంగుచీర కట్టలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు. అప్పట్లో ఆపవలసిన అవసరమూ ఉండేది కాదు, మనిషి తనంతట తానే ఆగిపోయేది. తెలుపు, గంధంరంగు, మహా అయితే వెలిసిపోయిన బూడిదరంగు, అంతే. ఆవిడ చుట్టూ మాత్రం ఎప్పుడూ ఇంద్రధనుస్సు పరిచినట్టు ఊళ్ళోవాళ్ళ గుడ్డముక్కలు!

1971 సెప్టెంబరులో "ప్రేమనగర్" విడుదలైంది. బయట వానలు. అయినా ఆడవాళ్ళు గొడుగులేసుకుని మరీ వెళ్ళారు. కోడూరి కౌసల్యాదేవి నవల అందరూ చదివిందే. అయినా వాణిశ్రీ ఎయిర్ హోస్టెస్‌గా, ఆ తరవాత సెక్రటరీగా ఎలా ఉందో చూడొద్దూ? ఆ దసరాకు మా ఇంటిముందు తిరునాళ్ళే! "పిన్నిగారూ, ఆ పాటలో వేసుకుందే, ఆ మెడ కావాలి." "అక్కయ్యగారూ, చేతులు సరిగ్గా అంతే ఉండాలి." ఏ పాటలో ఏ మెడో అమ్మకు తెలియాలి కదా! అందుకని సినీమాకు వెళ్ళేది. కథ కోసం కాదు, కుట్టు కోసం. చీకట్లో కాగితం మీద రాసుకోవడానికి ఉండదు. పైట చెంగుకు ముడులు వేసుకునేది. మొదటి ముడి మెడకోతకు, రెండోది చేతుల పొడుగుకు, మూడోది వీపు వెనక బొత్తాలకు. ఇంటికొచ్చి ముడులు విప్పుతూ సుద్దముక్కతో గుడ్డమీద గీసేది.

నాకప్పుడు పదమూడేళ్ళు. వాణిశ్రీ అంటే ప్రాణం. ఆ కొప్పు, ఆ నడక, ఆ చేతుల్లేని జాకెట్టు! పెద్దయ్యాక నేనూ అలాగే ఉండాలని అద్దం ముందు ప్రమాణం చేసుకున్నాను. నవ్వకండి. ఆ రోజుల్లో ఆ ప్రమాణం చెయ్యని ఆడపిల్ల ఉంటే చూపించండి!

నైలెక్సు చీర

1976లో డిగ్రీ చదువుతున్నాను. దసరా సెలవుల తరవాత కాలేజీలో ఉత్సవం. నాకొచ్చిన స్కాలర్‌షిప్పు డబ్బుతో బీసెంటురోడ్డుకు వెళ్ళి గులాబీరంగు నైలెక్సు చీర కొనుక్కొచ్చాను. చేతుల్లేని జాకెట్టు కుట్టమన్నాను.

అమ్మ చీర చేతిలోకి తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి వెలుతురులో చూసింది. "షాపులో ట్యూబులైటు కింద చూశావు కదూ?" అంది. నిజమే, ఇంటిముందు ఎండలో అది గులాబీ కాదు, ఉల్లిపొరలా ఉంది. "రంగు సంగతి అటుంచు. ఈ రోజుల్లో వాన ఎప్పుడొస్తుందో తెలియదు. నైలాను తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది. ఎండకాస్తే చెమట పీల్చదు. నా పెట్టెలో గద్వాల చీర ఉంది, కట్టుకో" అంది.

ఆ చీర సంగతి నాకు తెలుసు. అమ్మా, నాన్నా పెళ్ళైన కొత్తలో కర్నూల్లో ఉండేవారు. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. 1955 దీపావళికి గద్వాల చీర తెచ్చాడు. బంతిపూవు రంగు ఒళ్ళు, ముదురు వక్కరంగు పట్టు అంచు, రెంటికీ మధ్య సన్నటి ఆకుపచ్చ గీత. నాన్న పోయాక అది పెట్టె అడుక్కి వెళ్ళింది.

నాకు ఒళ్ళుమండింది. "వాణిశ్రీ ఎక్కడైనా గద్వాల చీర కట్టుకుని కాలేజీకి వెళ్ళిందా? అయినా తెల్లచీర కట్టుకునేదానివి, రంగుల సంగతి నీకేం తెలుసు?" అనేశాను.

మిషను చక్రం మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏమీ అనలేదు. కాసేపటికి టేపు తీసుకుని నా కొలతలు తీసుకుంది. నేను అడిగినట్టే, అచ్చంగా అడిగినట్టే కుట్టింది.

ఉత్సవం రోజు పొద్దున్న ఎండ ఫెళఫెళ్ళాడింది. మధ్యాహ్నానికి వీపంతా చెమట. సాయంత్రం బస్‌స్టాపులో ఉండగా వాన అందుకుంది. అమ్మ చెప్పిందంతా పొల్లుపోకుండా జరిగింది. చీర ఒంటికి అతుక్కుపోయింది. నలుగురు మగపిల్లలు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. ఏడుపొచ్చింది. జేబురుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే అడుగున మెత్తగా ఏదో తగిలింది. మడతపెట్టిన నూలు వోణీ! అమ్మ నాకు చెప్పకుండా పెట్టింది. భుజాల చుట్టూ కప్పుకుని ఇల్లు చేరాను.

అమ్మ తువ్వాలు ఇచ్చింది, కాఫీ ఇచ్చింది. "చెప్పానా!" అని ఒక్కమాట అనలేదు. అంటే బావుండేదేమో! నేనూ "తప్పయింది" అనలేకపోయాను. దీపావళికి మాత్రం "ఆ గద్వాల చీర ఇస్తావా?" అని అడిగాను. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అదే.

ముందు ఆకాశం, తరవాత అద్దం

ఆ వారం రోజుల్లో అమ్మ నాకు నేర్పింది ఏ ఫేషను పత్రికలోనూ చదవలేదు. గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ చెంగూ పట్టు. అంచును తెచ్చి కుట్టరు. మగ్గం మీదే ఒంటి పోగునూ, అంచు పోగునూ ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. దాన్నే "కుట్టు" అంటారు. మన శరత్తుకు ఇంతకంటే తగిన చీర ఏముంది? మధ్యాహ్నం ఎండకు నూలు చెమట పీలుస్తుంది, సాయంత్రం పండగకు పట్టు అంచు మెరుస్తుంది. ఒక్క చీరతో రెండు పూటలు!

నేను వక్కరంగు జాకెట్టు అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "జాకెట్టు చీరకు చెల్లెల్లా ఉండాలిగాని కవలపిల్లలా ఉండకూడదే. చీరలో అన్నిటికంటే తక్కువ ఉన్న రంగేదో వెతుకు, దాన్ని జాకెట్టుకు తెచ్చుకో" అంది. ఆ సన్నటి ఆకుపచ్చ గీతను పట్టుకుని ఆకుపచ్చ జాకెట్టు కుట్టింది. కట్టుకుని నిలబడితే నిండుగా పూసిన బంతిచెట్టే! మోచేతి పైదాకా చేతులు, మరీ దిగని మెడ. లైనింగు గుడ్డను ఒక రాత్రంతా నీళ్ళలో నానేసి, ఆరేసి, ఆ తరవాతే కత్తెర పెట్టింది. చీరకు వేసే ఫాల్ కూడా అంతే. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కురచబడి కుచ్చెళ్ళు పైకి పీక్కుపోతాయి. ఈ ఒక్కటి చెయ్యక ఎన్ని మంచి చీరలు పాడయ్యాయో మీకు తెలియనిది కాదు.

అమ్మ లెక్క ఇంకా ఉంది. ఆశ్వయుజంలో గాలి తేమగా ఉన్నన్నాళ్ళూ నూలుచీరకు గంజి పలచగా పెట్టాలి, లేకపోతే సరిగా ఆరక వాసనేస్తుంది. కార్తీకంలో ఎండ పొడిబారాక చిక్కగా పెట్టుకోవచ్చు. పట్టుచీరలు ఏడాదికోసారి ఈ రోజుల్లోనే పెట్టెలోంచి తీసి, నీడపట్టున గాలికి ఆరేసి, పాత మడతమీద కాకుండా కొత్త మడత పెట్టాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. నడిచే పని ఉంటే కుచ్చెళ్ళు బెత్తెడు పైకి. ఒంటిమీద సరుకు ఎంత తక్కువైతే అంచు అంత బాగా కనిపిస్తుంది. పూలు అన్నిటికంటే ఆఖర్న.

"ముందు ఆకాశం చూడు, తరవాత అద్దం చూడు. వాణిశ్రీని ఆఖర్న చూద్దువుగాని" అనేది. వాణిశ్రీకేం లోటు? ఆవిడ వెనక మేకప్పు, లైట్లు, వాన పడితే షూటింగు ఆపి గొడుగు పట్టే మనుషులు ఉంటారు. మనకు ఉన్నది బస్‌స్టాపు! తెరమీద చూసి నేర్చుకోవలసింది చీర కాదు, ఆ చీర ఆ మనిషికి ఎందుకు నప్పిందో ఆ కిటుకు.

మరుసటి ఏడు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. సినీమా వాళ్ళతో సహా అందరూ కదిలారు, ఎన్.టి.రామారావు, అక్కినేని జోలెపట్టి విరాళాలు పోగుచేశారు. మా వీధిలో కూడా పాతబట్టలు అడగడానికి వచ్చారు. అందరూ చీరలు ఇచ్చారు. అమ్మ ఇచ్చి ఊరుకోలేదు. "చీర ఇస్తే సరా? జాకెట్టు లేకుండా నలుగురిలోకి ఎలా వస్తుంది?" అని మూడు రాత్రులు మిషను తొక్కింది. మూడు కొలతల్లో జాకెట్లు, లోపల అంగుళం చొప్పున గుడ్డ వదిలి, ఎవరికైనా సరిపోయేలా. మంచి రంగులే ఏరింది. "అన్నీ పోయినవాళ్ళకు ఇవి కూడా వెలిసినవే ఇవ్వాలా?" అంది. అప్పుడు ఆవిడ కట్టుకున్న చీర వంక చూశాను. వెలిసిన బూడిదరంగు. ఏమీ అనలేకపోయాను.

యాభైమూడేళ్ళకు రంగులు

కాలం గిర్రున తిరిగింది. 1983లో "గాంధీ" చిత్రానికి దుస్తులు రూపొందించినందుకు మన భాను అథయ్యాకు, జాన్ మోలోతో కలిపి, ఆస్కారు వచ్చిందని పేపర్లో పడితే అమ్మకు చదివి వినిపించాను. "బట్టల పనికి కూడా బహుమతి ఇస్తారుటే!" అని ఆవిడ మురిసిపోయింది. ఆ రోజంతా మిషను మీద చెయ్యి హుషారుగా నడిచింది.

నేను పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చాను, ఉద్యోగం చేశాను. కాలేజీ రోజుల్లో అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. కొత్త చీర కొన్నప్పుడల్లా గుర్తొచ్చేది. అమ్మకు కూడా రంగుచీరలు కొనేదాన్ని. "బావుందే" అని తడిమి చూసి, పండక్కి ఎవరికో పెట్టేసేది. కాలం మారిందమ్మా అన్నాను, ఎవరూ ఏమీ అనుకోరన్నాను. "ఎవరో అనుకుంటారని కాదే. అలవాటు తప్పింది" అనేది.

2010 జనవరిలో "మాయాబజార్"ను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మకు కంప్యూటర్ల మీద రంగులద్దారు. అమ్మను తీసుకెళ్ళాను. అప్పటికి ఆవిడకు డెబ్భై ఆరు. తెరమీదికి సావిత్రి రాగానే నేను సినీమా చూడటం మానేసి అమ్మనే చూశాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. కొన్నిచోట్ల తల ఊపింది, కొన్నిచోట్ల పెదవి విరిచింది. "నేననుకున్న రంగు కాదే అది" అని చెవిలో అంది. అచ్చం నలభై ఏళ్ళనాటి గుసగుసే!

ఆటోలో ఇంటికొస్తూ, "నీ రంగు నచ్చిందా, వాళ్ళ రంగు నచ్చిందా?" అని అడిగాను. "నాదే బావుంది. ఇన్నేళ్ళూ అవే కదా చూసుకున్నాను" అంది. ఎందుకు అందరికంటే ఎక్కువ అద్దిందో నాకు అప్పుడు బోధపడింది. ఒంటిమీద వద్దనుకున్న రంగులన్నీ ఆవిడ ఆ తెరమీద కట్టుకుంది.

ఆ రాత్రి ధైర్యం చేసి, ముప్ఫైనాలుగేళ్ళ కిందటి మాట ఎత్తాను. "ఆవేళ అలా అన్నందుకు నన్ను క్షమించమ్మా" అన్నాను. "ఎప్పటి మాటే అది! చిన్నపిల్లవి" అంది. మరిచిపోయానని మాత్రం అనలేదు.

"యాభైమూడేళ్ళ తరవాత సినీమాకే రంగులొచ్చాయి. నీకెందుకు రాకూడదు?" అన్నాను. జవాబు చెప్పలేదు.

ఆ ఏడు దసరా అక్టోబరు మధ్యలో వచ్చింది. రెండురోజుల ముందు అమ్మ తనంతట తానే అంది: "ఆ గద్వాల చీర ఓసారి తియ్యి. జాకెట్టు మాత్రం నేనే కుట్టుకుంటా." వణికే చేతులతో రెండురోజులు కుట్టింది. ఆకుపచ్చ కాదు, ఈసారి గంధంరంగు. "ఈ వయసుకు ఇంత చాలు. ఇన్నాళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందిటే" అంది. బంతిపూవు చీరమీద ఆ గంధంరంగు జాకెట్టు ఎంత అందంగా ఉందో ఎలా చెప్పను? జమ్మిచెట్టు దగ్గర తెలిసినవాళ్ళు "ఎంత బావున్నారండీ!" అంటే సిగ్గుపడి పైట భుజంమీదికి లాక్కుంది. ఆ తరవాత ఆవిడ మరో నాలుగు దసరాలు చూసింది. ఏటా అదే చీర.

ఇప్పుడు ఆ చీర నా పెట్టెలో ఉంది. మొన్న మనవరాలు దొరసాని బొమ్మ చూపించి నప్పుతుందా అని అడిగినప్పుడు నేను అవుననీ, కాదనీ అనలేదు. ఒకప్పుడు నాకు కాదంటే కోపమొచ్చింది కదా! గోడమీది పాత ఫొటో చూపించాను. కర్నూలు స్టూడియోలో తీయించుకున్నది, అమ్మ, నాన్న, ఆ చీర. నలుపు తెలుపు ఫొటో.

"ఆ చీర రంగేమిటో చెప్పుకో" అన్నాను.

పిల్ల దగ్గరికి వెళ్ళి చూసి, "నీలం" అంది. "ఊహూ." "మరి ఎరుపా?" పెట్టె తెరిచి చీర తీసి చేతిలో పెట్టాను. "అబ్బ!" అంది. దాంతోపాటు 1976 నాటి ఆకుపచ్చ జాకెట్టు కూడా ఇచ్చాను. తొడుక్కుని చూసుకుంటే కాస్త బిగుతు. లోపల చూస్తే అమ్మ వదిలిన అంగుళం గుడ్డ అలాగే ఉంది. కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చాను.

దసరా రోజు ఎలా కట్టుకుంటుందో, దానిమీదికి ఏం జోడిస్తుందో నాకు తెలియదు. దాని ఇష్టం. ఆ బూట్లు వేసుకున్నా ఆశ్చర్యపోను! కాని చీర భుజంమీద వేసుకుని అద్దం దగ్గరికి వెళ్ళబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ముందు బాల్కనీలోకి వెళ్ళి మబ్బులు చూసొచ్చింది. నాకది చాలు.